కుక్కపిల్లను తెచ్చే ముందు ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం చూసుకోండి

పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తున్నారా? తెల్లగా, బొద్దుగా ఉన్నదాన్ని చూసి మీ మనసు కూడా కరిగిందా? అయితే కొంచెం ఆగండి. కుక్క అందం కంటే ముందు చూడాల్సింది మన ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

మాది నల్లగొండ. ఆరేళ్ళ కింద మా చిన్నోడి పోరు పడలేక పమేరియన్ పిల్లను తెచ్చాం. వాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. వారం తిరక్కముందే రాత్రిళ్ళు ఆయాసం, పిల్లికూతలు మొదలయ్యాయి. చివరికి దాన్ని పాలమూరులో మా చెల్లెలింట్లో వదిలి వచ్చాం. తిరుగు బస్సులో వాడు ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు.

ఉబ్బసం, అలర్జీ ఉంటే

వెంట్రుకలే కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో, మూత్రంలో ఉండే మాంసకృత్తులు. పూడుల్ లాంటి వాటికి వెంట్రుకలు తక్కువ రాలుతాయి గాని, అలర్జీ అసలే రాని జాతి అంటూ లేదు. అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. ముందు డాక్టరును అడగండి. ఆయన సరేనంటే, తేబోయే కుక్క దగ్గరికి పిల్లవాణ్ణి నాలుగైదుసార్లు తీసుకెళ్ళి చూడండి. తెచ్చాక కూడా పడకగదిలోకి రానివ్వకండి.

కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళుంటే

మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ళ తరబడి ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి నడుము, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు ఎందరో. మా అత్తమ్మ కూడా అంతే, వంగలేదు. లాబ్రడార్ పిల్లలతో మంచిగ కలిసిపోతుంది. కాని పెరిగితే 25 నుంచి 35 కిలోలు తూగుతుంది. ప్రేమతో మీదికి ఎగబడ్డా పెద్దవాళ్ళు కింద పడతారు. మరీ చిన్నదైతే కాళ్ళకు అడ్డం పడుతుంది. ఇలాంటి ఇంటికి ఉరుకులాడే పిల్లకంటే నెమ్మదైన రెండు మూడేళ్ళ కుక్క మేలు. దాని గిన్నెను పీట మీద పెట్టండి, వంగే బాధ తగ్గుతుంది.

షుగరు, బీపీ ఉంటే

నడవమని డాక్టరు చెప్పినా మనం బద్ధకిస్తాం. రెండు పూటలా తిప్పాల్సిన కుక్క ఉంటే అది ఊరుకోదు, మనల్ని లేపుతుంది. కాని షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళు కుక్క గోరు గీరిందేమో రోజూ చూసుకోవాలి.

మన ఎండలు కూడా చూడండి

ఒత్తు జూలున్న హస్కీ, చప్పిడి ముక్కున్న పగ్ మన ఎండలకు చాలా అవస్థ పడతాయి. వాటి జబ్బు కూడా మన నెత్తినే పడుతుంది. మన ఊరకుక్క ఈ ఎండలకు అలవాటుపడ్డది.

ఏ కుక్కయినా మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ వేయించాలి. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, పసుపు పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు మా చిన్నోడు సెలవులకు పాలమూరు పోతాడు. వాకిట్లోనే దాంతో కాసేపు ఆడి, చేతులు, ముఖం కడుక్కుని ఇంట్లోకి వస్తాడు. అది వాణ్ణింకా గుర్తుపడుతుంది. ఆ ముచ్చట చెబితే మా అత్తమ్మ అన్నది: “కుక్కదేం తప్పున్నది బిడ్డా, మనమే సూస్కోకుండ తెచ్చినం.”

మీరు మాత్రం చూసుకుని తెచ్చుకోండి.