అరటిపండ్లు నాలుగు రోజులు నిలవ ఉండాలంటే

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయినా, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దారుల్లో తోపుడు బండ్లపై అరటిపండ్లకు కొదువ లేదు. హాస్టల్లో ఉన్న బిడ్డను చూడవచ్చిన తల్లిదండ్రులు డజను కొనిచ్చి ఊరికి వెళ్తారు. మూడోనాటికి సగం చెత్తబుట్ట పాలు!

ప్రియ పాఠకులారా, కోసిన తరువాత కూడా అరటికాయ ఇథిలీన్ అనే వాయువును విడుస్తూ మాగుతూనే ఉంటుంది. కాబట్టి దోరపండ్లనే కొనండి. కవరు విప్పి, గాలి తగిలే నీడలో వ్రేలాడదీయండి. మాగిన మామిడి, యాపిల్ ప్రక్కన ఉంచకండి. పచ్చివాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి. సుమారు 13 డిగ్రీలకు దిగువన అవి సరిగా పండవు. బాగా పండినవి పెట్టవచ్చు. తొక్క నల్లబడినా లోపలి గుజ్జు కొద్దిరోజులు బాగానే ఉంటుంది. తొక్కను చూసి పండును పారవేయకండి; కష్టార్జితంతో కొన్నది గదా!