వైద్యుడు విప్పిన పటము

పిట్లమునకు పొరుగుననున్న మెదకుసీమ పల్లెలలో, కాపురమునకు వచ్చిన పడుచు హఠాత్తుగా కుక్కవలె మొఱుగుటయో, మాట పడిపోవుటయో సంభవించినచో, 'బాణామతి చేసిండ్రు' అని పెద్దలు తేల్చుటయు, ఎవరితో గెట్టు తగాదా యున్నదో వారిమీదికే అనుమానము పోవుటయు, ఆ అనుమానమునకు గుఱియైన ముదుసలిని పట్టి కట్టి పండ్లూడగొట్టుటయు పత్రికలలో మనము చదివిన వార్తలే. ఆ రోగులను పరీక్షించిన మానసిక వైద్యులు మాత్రము, పైకి జెప్పుకొనలేని దుఃఖము దేహమార్గమున వెలికివచ్చుటయే పెక్కింటికి హేతువనిరి. రోగ మొకరిది, పగ మఱియొకరిది. దెబ్బలు తిన్నది మూడవవారు.

మన నాటకమున పిచ్చికి దక్కిన పాత్ర వేఱు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో వెలువరించిన 'ప్రతాపరుద్రీయము'న మంత్రి యుగంధరుడు ఢిల్లీ వీథులలో ఉన్మత్తుడై తిరిగి, తన రాజును చెఱ విడిపించి, సుల్తానునే ఓరుగంటికి గొనివచ్చును. చరిత్రలో నట్లు జరుగలేదు. 1323లో చెఱపడిన ప్రతాపరుద్రుడు దారిలోనే నర్మదాతీరమున అసువులు బాసెనని విలస శాసనము చెప్పుచున్నది. ఓడినవారు దాదాపు ఆఱువందల యేండ్లకు రంగస్థలమున పగ తీర్చుకొని ఊరట చెందిరన్నమాట. ఆ ఊరటను నేను తక్కువ చేయను; కాని యుగంధరుని పిచ్చి బుద్ధి తొడుగుకొన్న వేషము, పని ముగిసినంతనే విడిచివేయదగినది.

విడిచివేయరాని బాధను చీనాదేశమున 13వ శతాబ్దిలో జి జున్‌షియాంగ్ తన 'జావో వంశపు అనాథ' నాటకమునందు చిత్రించెను. 1755లో వోల్టేరు ఫ్రెంచిలో అనుకరించినది ఈ కథనే. జావో కుటుంబమున మూడువందల మందిని సంహరింపజేసిన సేనాని తువాన్ గూ చేతినుండి మిగిలిన పసివానిని కాపాడుటకై, చెంగ్ యింగ్ అను పల్లెటూరి వైద్యుడు తన కన్నకొడుకును బదులిచ్చెను. ఆ శిశువు కన్నులయెదుట హతుడగుచుండగా కంట తడి చూపిన యెడల గుట్టు బయటపడును గనుక ఆతడు ఏడ్వనైన లేదు. పిదప ఇరువదియేండ్లు ఆ హంతకుని యింటనే బ్రతుకుచు, ఆ హంతకుడు దత్తు చేసికొన్న అనాథనే తన కొడుకని పెంచెను.

తుదకు ఆతడు జరిగినదంతయు బొమ్మలుగా వ్రాసిన పటమును కుఱ్ఱవానికి కనబడునట్లు విడిచెను. బొమ్మలు తెలియక వాడడుగగా, ఎవరిదో కథయైనట్లు ఒక్కొక్క బొమ్మయే చెప్పుకొనివచ్చెను. చేర్యాల పటము వ్రేలాడదీసి కులపురాణము చెప్పువారిని చూచిన తెలంగాణమువారికి ఈ ఘట్టము పరాయిదిగా తోచదు. ఆ యనాథ నీవే యని విన్నంతనే కుఱ్ఱవాడు మూర్ఛిల్లెను. పిమ్మట పగయు తీరెను గాని, నాకు నాటకమునకు ప్రాణముగా దోచునది ఆ చెప్పుకొనుటయే: కొడుకును పోగొట్టుకొన్నవానికి వినువాడు దొరకెను, కన్నవారి నెఱుగనివానికి తనవారు దొరకిరి. వైద్యుడే యిచట రోగి. రోగికి మందు మఱియొక రోగి.

పిట్లములో ఇట్టి వినువాడు ఇంట దొరకనివారికి, 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ అను మానసికారోగ్య సేవ కలదు. 14416కు ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును. అందుకు రుసుము లేదు.