పెరటి కోడికి అజీర్తి: ఇంట చేయదగిన ఉపచారం, ఆసుపత్రికి పోవలసిన వేళ

హోసూరు నగరపాలక సంస్థగా మారిన తరువాత కూడా పాత పేటలలోను, చుట్టుపక్కల నుండి నగరంలో కలిసిన గ్రామాలలోను పెరటి కోళ్లు తగ్గిపోలేదు. నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉన్న ఇంట పిల్లలకు గుడ్డు కరవుండదు. పండుగకు, చుట్టం వచ్చిన నాటికి ఆధారముంటుంది. అటువంటి ఇంట ఒక ఉదయం ఒక పెట్ట మాత్రం గంప ఎత్తినా బయటకు రాక, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూల నిలబడుతుంది. రాగులు చల్లినా ముక్కు దించదు. ఇంటివారు సాధారణంగా దానిని అజీర్తి అనుకుని, వెల్లుల్లి రసమో మిరియాల కషాయమో నోట పోస్తారు. అది నిజంగా అజీర్తి అయితే చాలావరకు ఇంటనే నయమవుతుంది. కాని అజీర్తిని పోలిన పారుడుతోనే మొదలై, వీధిలోని కోళ్లన్నింటినీ వారంలో తుడిచిపెట్టే వ్యాధి ఒకటున్నది. ఈ రెండింటినీ మొదటి రోజుననే వేరుచేసి గుర్తించడం కోళ్లు పెంచే ప్రతి ఇంటికీ అవసరం.

కోడికి పళ్లు లేవు. మింగిన గింజ ముందుగా మెడ అడుగున, రొమ్ముకు కుడివైపున ఉండే మేతసంచిలో చేరి నానుతుంది. అక్కడినుండి కొద్దికొద్దిగా జఠరంలోనికి, ఆపైన కందనకాయలోనికి దిగుతుంది. కోడి ఏరుకుని మింగిన సన్నని రాళ్ల సాయంతో కందనకాయ ఆ గింజను విసురుతుంది. సాయంకాలం గూటికి చేరే పెట్ట మేతసంచి నిండుగా, చేతికి చిన్న బంతివలె తగలడం సహజం. రాత్రంతా అది జీర్ణమై, తెల్లవారేసరికి సంచి ఖాళీ కావాలి. కనుక జబ్బు కోడిని పరీక్షించడానికి సరియైన సమయం తెల్లవారుజాము, మేత వేయకముందు. పెట్టను చంకలో ఇరికించుకుని, రెండు వేళ్లతో సంచిని తడిమి చూడాలి. ఖాళీగా, వదులుగా ఉంటే మేతసంచిలో దోషం లేదు. ఇంకా నిండుగా ఉంటే రాత్రి మేత కదలలేదని అర్థం. అప్పుడు అది గట్టిగా ఉన్నదా, మెత్తగా ఉన్నదా అన్నది చూడాలి.

గట్టిగా, పిండి ముద్దవలె తగిలితే లోపల ఏదో అడ్డుపడినది. పొడవైన ఎండుగడ్డి, కొబ్బరి పీచు, గోనె నార వంటివి ఉండచుట్టుకుని దారి మూస్తాయి. పట్టణాలలో వీటికి ప్లాస్టిక్ సంచుల ముక్కలు, పూలదండల దారాలు, రబ్బరు బ్యాండ్లు తోడవుతాయి. అన్నం కలిపిన కవర్లను ముడివేసి వీధిలో పారవేసే అలవాటు ఆవులకే కాదు, కోళ్లకూ ప్రాణాంతకమే. ఇటువంటి పెట్టను వేరుగా ఉంచి, పన్నెండు నుండి ఇరవై నాలుగు గంటలపాటు గింజ మేత ఆపివేయాలి. నీరు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అర చెంచా వంటనూనెను చుక్కలు చుక్కలుగా ముక్కు పక్కన తడిపితే అది తానే చప్పరించి మింగుతుంది. ఆపైన సంచిని వేళ్లతో మృదువుగా, పిండి కలిపినట్లు, ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు మర్దించాలి. ముద్ద విడి సంచి తగ్గుతూ వస్తే మెత్తగా ఉడికిన నూకల జావ, తడిపిన తవుడు కొద్దిగా పెట్టవచ్చు. ఒక పగలు, ఒక రాత్రి గడిచినా గట్టిదనం తగ్గకపోతే పశువైద్యుని వద్దకు తీసుకుపోవలసినదే. మత్తుమందు ఇచ్చి సంచిని కోసి అడ్డు తీసివేయడం వైద్యులకు తెలిసిన చికిత్స. బ్లేడుతో ఇంట ఆ పని చేయబోవడం క్రూరత్వం.

సంచి మెత్తగా, నీరు నింపిన బుడగవలె ఊగుతూ, కోడి నోటినుండి పులిసిన వాసన వస్తుంటే అది వేరొక వ్యాధి. కదలని మేత పులిసి, అందులో ఈస్టు అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. బూజు పట్టిన గింజలు, రోజులు గడిచిన పాచి అన్నం దీనికి దారితీస్తాయి. మనుషులకు వాడే టెట్రాసైక్లిన్ గొట్టాన్ని విప్పి కోడి నోట పోసే అలవాటు కూడా ఒక కారణమే. ఆ మందు మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, తాను చంపలేని ఈస్టుకు చోటిస్తుంది. ఈ కోడికి బెల్లపు నీరు, తీపి జావ పెట్టరాదు. చక్కెర ఈస్టుకు ఆహారం. ఒక పూట మేత ఆపి, శుభ్రమైన మంచినీరు ఇచ్చి, వైద్యుడు సూచించిన ఈస్టు నివారణ మందు వాడాలి. కొద్దిగా పెరుగు తినిపించడం వలన హాని లేదు గాని అది మందు కాదు.

పులిసిన నీరు కక్కించడానికి కోడిని కాళ్లు పట్టి తలక్రిందులుగా వేలాడదీయడం పల్లెలలోను, పట్టణాలలోను కనిపించే పద్ధతి. ఇది చేయకూడదు. కోడి నాలుక మొదటనే శ్వాసనాళపు ద్వారం ఉంటుంది; పైకి వచ్చిన నీరు అందులోనికి దిగితే పెట్ట చేతిలోనే ఊపిరాడక చనిపోవచ్చు. నోరు తెరిచి చెంచాతో కషాయం పోయడంలోనూ ఇదే ప్రమాదమున్నది.

మేతసంచి ఖాళీగానే ఉండి కోడి నీరసంగా ఉన్నప్పుడు రెట్టను చూడాలి. గోధుమ రంగు ముద్ద మీద తెల్లని టోపీ వలె ఉండేది ఆరోగ్యమైన రెట్ట. ఆ తెలుపు కోడి మూత్రపు భాగమే. రోజులో రెండు మూడు సార్లు ముదురు రంగులో, జిగటగా, దుర్వాసనతో ఒక రెట్ట పడుతుంది. అంధనాళాలనుండి వచ్చే ఆ రెట్టను చూసి పారుడు అని భయపడేవారు చాలామంది. అది సహజం. ఎండాకాలంలో కోడి నీరు ఎక్కువ తాగి పలుచగా విసర్జించడమూ సహజమే. మరొక అపోహ జ్వరం గురించినది. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఆరోగ్యంగా ఉన్న పెట్ట కూడా మన చేతికి కాలుతున్నట్లే ఉంటుంది. కనుక ఒళ్లు తాకి జ్వరమని నిర్ణయించి పారాసిటమాల్ ముక్క వేయడంలో అర్థం లేదు. ఒంటి వేడికన్న రొమ్ము ఎముకను తడమడం మేలు. అది కత్తి అంచువలె పదునుగా తగిలితే పెట్ట చాలా రోజులుగా చిక్కిపోతున్నదని, జబ్బు నిన్నటిది కాదని తెలుస్తుంది. అటువంటి కోళ్లలో తరచుగా ఏలికపాములు ఉంటాయి. బరువు చూసి వైద్యుడు ఇచ్చే నట్టల మందుతో కోలుకుంటాయి.

రెట్టలో రక్తం కనిపిస్తే, ముఖ్యంగా మూడు నుండి ఎనిమిది వారాల పిల్లలలో, అది రక్తపారుడు. పేగులలో పెరిగే అతి సూక్ష్మ పరాన్నజీవి దీనికి మూలం. తడిసిన పరుపులో, వెచ్చని వాతావరణంలో దాని బీజాలు ఒకటి రెండు రోజులలోనే వ్యాప్తికి సిద్ధమవుతాయి. అందుకే వానలు పట్టిన రోజులలో గూటిలోని ఊక, పొట్టు తడిస్తే వెంటనే మార్చాలి. దీనికి నీటిలో కలిపి ఇచ్చే మంచి మందులున్నవి. ఆలస్యమే పిల్లలను చంపుతుంది.

ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల పారుడు కనిపించినప్పుడు ఇంటి వైద్యం ఆగిపోవాలి. హోసూరు వంటి ఊళ్లో ఈ వ్యాధికి మూడు పేర్లు వినబడతాయి. తెలుగువారు కొక్కెర తెగులు అంటారు. కన్నడిగులు కొక్కరె రోగమంటారు. తమిళంలో దాని పేరు వెళ్ళై కళిచ్చల్, అంటే తెల్ల పారుడు. ప్రభుత్వ కాగితాలలో రాణిఖేత్ అని ఉంటుంది. ఉత్తరాదిన ఉన్న రాణిఖేత్ అనే ఊరి పేరు మీదుగా వచ్చిన పేరది. ఇవన్నీ ఒకే వ్యాధి. టీకా శిబిరం గోడపత్రంలో కళిచ్చల్ అన్న మాట చదివిన తెలుగు ఇల్లు తన కోళ్లకు కొక్కెర తెగులు రావడమే భయం గాని కళిచ్చల్‌తో పని లేదనుకుని ఊరుకునే అవకాశమున్నది. పారుడు అన్న పేరు విని అది కడుపు జబ్బే అనుకోవడం మరొక పొరపాటు. ఇది వైరస్ వలన వచ్చే వ్యాధి. పేగులతో పాటు ఊపిరితిత్తులను, నరాలను కూడా పట్టుకుంటుంది. నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలిక తిరగడం, రెక్క లేదా కాలు పడిపోవడం, ఒకటి వెంట ఒకటిగా కోళ్లు చనిపోవడం దీని గుర్తులు. ఏ కషాయమూ, ఏ సూదీ దీనిని నయం చేయదు.

ఉన్న ఒకే రక్షణ టీకా. పిల్ల వయస్సు ఏడు రోజులున్నప్పుడు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. ఎనిమిది వారాలప్పుడు సూది. తరువాత వైద్యుని సూచన ప్రకారం మళ్లీ. పెరటి కోళ్లను పట్టుకుని సూది వేయడం కష్టమని, మేతతో పెట్టదగిన గుళికల టీకాను తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించింది. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన కోళ్ల ఉత్పత్తి కళాశాల హోసూరులోని మత్తిగిరిలోనే ఉన్నది. రాష్ట్ర పశుసంవర్ధక శాఖ ఫిబ్రవరి నెలలో నిర్వహించే కోళ్ల టీకా శిబిరాల తేదీలను దగ్గరి పశువైద్యశాలలో ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. టీకా ఆరోగ్యంగా ఉన్న కోడికే వేయించాలి. దాని బలం రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వీధిలో కోళ్లు చనిపోవడం మొదలైన తరువాత పరుగెత్తడం వలన ప్రయోజనం తక్కువ. సంతలో కొన్న కోడిని కనీసం రెండు వారాలు వేరే గంప కింద ఉంచి, దాని మేత, నీళ్ల పాత్రలు వేరుగా పెట్టాలి.

జబ్బు ఏదైనా మొదటి ఉపచారం ఒకటే: పెట్టను వేరుచేయడం. మిగిలిన కోళ్లు బలహీనమైనదానిని పొడుస్తాయి, దాని రెట్టను తొక్కి వ్యాధిని మోస్తాయి. ఎత్తైన నేల కావడం వలన హోసూరులో మార్గశిర పుష్య మాసాల రాత్రులు చలిగా ఉంటాయి. గాలి తగలని మూల అట్టపెట్టెలో గోనె పరచి, మీద సగం కప్పి ఉంచితే మేతకన్న ముందు ఆ వెచ్చదనమే కోడిని నిలుపుతుంది. పారుడుతో నీరసించినదానికి మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లం మీది కొలత ప్రకారం కలిపి పెట్టవచ్చు. పులిసిన సంచి ఉన్నదానికి మాత్రం వద్దు. ఆ కోడిని చూసుకునేవారు ముందుగా ఆరోగ్యమైన కోళ్ల పని ముగించి, చివర దీని దగ్గరకు వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఒకటి రెండు రోజులలో ఒకే ఇంట రెండు మూడు కోళ్లు చనిపోతే పశువైద్యశాలకు తెలియజేయాలి. రాణిఖేత్, బర్డ్ ఫ్లూ రెండూ 2009 నాటి పశువ్యాధుల నివారణ చట్టం ప్రకారం యజమాని తెలియజేయవలసిన వ్యాధులే. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఆ ప్రాంతంలో లక్షల కోళ్లను చంపవలసి వచ్చింది. చచ్చిన కోడిని, చావబోయే కోడిని కోసుకు తినరాదు, తక్కువ ధరకు అమ్మరాదు, మోరీలోనో చెరువు గట్టునో పారవేయరాదు. కుక్కలు తవ్వలేనంత లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చాలి. స్థలం లేని ఇళ్లవారు నగరపాలక పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పాలి, కోడి ఎలా చచ్చినదో దాచకుండా. బతికి కోలుకున్న పెట్ట గుడ్లను మందు ఆపిన తరువాత ఎన్ని రోజులకు తినవచ్చునో ప్రతి మందుకూ వేరుగా ఉంటుంది. మందు రాయించుకునేటప్పుడే వైద్యుని అడిగి, ఆ తేదీ వరకు వచ్చిన గుడ్లను పిల్లలకు పెట్టకుండా తీసి పూడ్చివేయాలి.