కారు చక్రములు - పొట్టి టైర్లు

కార్లకు పెద్ద రిమ్ములును, పొట్టి టైర్లును వేయించుట నేడు వేడుకయైనది. పంటసొమ్ముతో కారు కొన్న సభ్యులును దీనికి పూనుకొనుచున్నారు గనుక ఇందలి గుణదోషములను మనవి చేయుచున్నాము.

టైరుపై 185/65 ఆర్ 15 అని యున్నచో 185 వెడల్పు మిల్లీమీటర్లు. ప్రక్కగోడ యెత్తు అందు నూటికి 65 పాళ్లు, అనగా 120 మిల్లీమీటర్లు. 15 రిమ్ము అంగుళములు. దీనికి బదులు 205/45 ఆర్ 17 వేసినచో చక్రము మొత్తపు టెత్తు ఇంచుమించు మారదు. గోడ మాత్రము 92 మిల్లీమీటర్లకు తగ్గును.

గోతి దెబ్బను మొదట మ్రింగునది గాలి నిండిన ఆ గోడయే. ఇనుపపట్టా బండి కుదుపును, టైరుబండి మెత్తదనమును ఎఱిగిన రైతునకు ఇది క్రొత్త కాదు. గోడ తగ్గినకొలది దెబ్బ షాకబ్సార్బరునకును, రబ్బరు బుష్షులకును ఎక్కువగా తగులును, రిమ్ము వంగవచ్చును. పెద్ద రిమ్ము తఱచు బరువెక్కువ. ఆ బరువు స్ప్రింగునకు క్రిందనుండుటచే ఎగిరిన చక్రమును అణచుట షాకబ్సార్బరునకు కష్టమగును.

నున్నని రోడ్డుమీద మలుపులలో కారు నిలకడగా తిరుగుననుట నిజమే. కంకర బాటలపై నడపువారికి ఆ లాభము స్వల్పము, మరమ్మతు ఖర్చు అధికము.

కావున డ్రైవరు తలుపు వద్ద పట్టీపై తయారుదారులు సూచించిన కొలతనే వాడుడు. ఇదివఱకే మార్పించినవారు టైరు చల్లగా నున్నపుడు గాలిని తఱచు చూపించుకొనవలెను.