42 శాతం ఒక లెక్క, 42 రోజులు ఇంకో లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పులు జరిగితే అందులో 42 సిజేరియన్లు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన అంకె ఇది. కచ్చితంగా చెప్పాలంటే 42.4. సిజేరియన్ల మీద ఏ చర్చ మొదలైనా ఈ శాతం చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో 42 కూడా ఉంది. కాన్పయ్యాక తల్లి ఒళ్లు కుదుటపడటానికి వైద్యులు చెప్పే గడువు ఆరు వారాలు, అంటే 42 రోజులు. ప్రసూతి మరణాన్ని లెక్కలోకి తీసుకునే గడువూ కాన్పు తర్వాత 42 రోజులే. మొదటి 42 ఆసుపత్రి రిజిస్టర్లో ఉంటుంది. రెండోది ఇంట్లో, మంచం మీద, బాలింత ఒంటి మీద గడుస్తుంది. అనంతపురం జిల్లా ఉరవకొండ లాంటి కరువు సీమలో మొదటి లెక్క పెరిగినంత వేగంగా రెండో లెక్క మీద శ్రద్ధ పెరగలేదు. తల్లులకు అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

ఏ గుమ్మం తొక్కారన్నదే తేడా

దేశం మొత్తం మీద 2005-06లో వందకు 8.5గా ఉన్న సిజేరియన్లు 2015-16కి 17.2కు, 2019-21కి 21.5కు చేరాయి. అంటే ఆంధ్రప్రదేశ్ దేశ సగటుకు రెట్టింపులో ఉంది. తెలంగాణ ఇంకా ముందుంది: 60.7.

రాష్ట్ర సగటు వెనక రెండు వేర్వేరు లోకాలు దాక్కున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వంద కాన్పులకు సిజేరియన్లు సుమారు 27. ప్రైవేటులో 63. రాష్ట్రంలో కాన్పులు ఈ రెండింటి మధ్య దాదాపు సగం సగంగా పంచుకుని ఉన్నాయి. ఆ లెక్కన చూస్తే, వంద కాన్పుల్లో జరిగే 42 ఆపరేషన్లలో 29 దాకా ప్రైవేటువి, 13 ప్రభుత్వానివి.

ప్రైవేటుకు వెళ్లేవాళ్లలో వయసు పెరిగినవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, సుగర్ ఉన్నవాళ్లు కొంత ఎక్కువే కావచ్చు. కానీ చెయ్యి దాటిన కేసులు చివరికి చేరేది జిల్లా పెద్దాసుపత్రికే. కాబట్టి 27కూ 63కూ మధ్య ఉన్న దూరాన్ని తల్లుల ఆరోగ్యంతోనే వివరించలేం. కాన్పు ఎలా జరుగుతుందన్నది ఆమె ఏ గుమ్మం తొక్కిందన్నదాని మీద కూడా ఆధారపడి ఉంది.

ఎన్నయితే సరి?

1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో జరిగిన సమావేశంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, వందకు 10 నుంచి 15కు మించి సిజేరియన్లు ఉండటానికి సమర్థన లేదన్నారు. 2015లో సంస్థ ఆ మాటను సవరించింది. ఒక జనాభాలో సిజేరియన్లు వందకు 10 దాకా పెరిగే కొద్దీ తల్లుల, బిడ్డల మరణాలు తగ్గుతాయి; అది దాటాక పెరిగినా మరణాలు తగ్గినట్టు కనపడదు. అయితే ఫలానా శాతం కోసం పాకులాడటం కాదు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడటమే ముఖ్యమని కూడా చెప్పింది.

అవసరమైన ప్రతి తల్లికీ అందాలన్న ఆ చివరి మాట మన సీమకు మరీ అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో 2004-06లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు తగ్గింది. ఆసుపత్రి కాన్పులు, 108 వాహనాలు, రక్త నిధులతో పాటు వేళకు జరిగిన సిజేరియన్లకూ ఇందులో వాటా ఉంది. మాయ కిందికి దిగి గర్భాశయ ముఖాన్ని కప్పేసినప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, బిడ్డ గుండె వేగం పడిపోయినప్పుడు కత్తి ప్రాణదాతే. ఆపరేషన్ అయిన తల్లిని చూసి ‘నొప్పులు ఓర్చుకోలేకపోయింది’ అని ఈసడించే నోళ్లకు ఈ లెక్క తెలియాలి.

మరి ఇన్ని ఎందుకు?

మొదటి కారణం గడియారం. తొలిచూలు నొప్పులు మొదలయ్యాక కాన్పు కావడానికి 12 గంటలు, ఒక్కోసారి 18 గంటలు, అంతకు మించీ పట్టొచ్చు. అంతసేపూ పక్కన ఎవరో ఒకరు ఉండి చూసుకోవాలి. ఆపరేషన్ ముక్కాలు గంటలో, గంటలో అయిపోతుంది. ఒకే డాక్టరమ్మ నడిపే నర్సింగ్ హోమ్‌కు మత్తు డాక్టరు బయటినుంచి రావాలి. రాత్రి రెండు గంటలకు ఆయన దొరుకుతాడో లేదో తెలియదు. సాయంత్రమే తేల్చేసుకోవడం అందరికీ నిబ్బరంగా ఉంటుంది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో ప్రసూతి వైద్య సంస్థ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ (దగ్గరుండి కాన్పు చేయించే) శిక్షణ మొదలుపెట్టింది ఈ చిక్కు విప్పడానికే. నొప్పులు పడే తల్లి దగ్గర కూర్చునే మనిషి ఉంటే ఆపరేషన్లకు తొందర తగ్గుతుందన్నది దాని వెనకున్న ఆలోచన.

రెండోది దూరం. ప్రాణాపాయం కనిపించి ఆపరేషన్ చేయాలని నిర్ణయించిన క్షణం నుంచి 30 నిమిషాల్లో బిడ్డను బయటికి తీయాలన్నది ప్రపంచవ్యాప్తంగా ఉన్న కొలమానం. ఉరవకొండ నుంచి అనంతపురం సర్వజనాస్పత్రి దాదాపు 50 కిలోమీటర్లు. 42వ నంబరు జాతీయ రహదారి ఎంత బాగున్నా, బండి వచ్చి, ఎక్కించుకుని, దించేసరికి గంట దాటుతుంది. ఊళ్లోనే సిజేరియన్ చేయాలంటే ప్రసూతి వైద్యురాలు, మత్తు డాక్టరు, నిల్వ రక్తం మూడూ ఒకే వేళకు ఉండాలి. మూడింట్లో ఒకటి లేకపోయినా ప్రయాణమే గతి. ఆ గంట ప్రయాణం తలుచుకునే డాక్టర్లూ, ఇంటివాళ్లూ ‘ఎందుకొచ్చిన గొడవ, ముందే చేయించేద్దాం’ అంటారు.

మూడోది మొదటి కోత. తొలి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్నది మన ఊళ్లలో చట్టంలా స్థిరపడింది. ఇక పంచాంగం చూసి గడియ పెట్టించుకునేవాళ్లు ఉండనే ఉన్నారు.

గంటల లెక్క

వెన్నులో మత్తు ఇస్తారు. ఛాతీ కింది నుంచి కాళ్ల దాకా మొద్దుబారుతుంది, తెలివి మాత్రం ఉంటుంది. పొత్తికడుపు మీద అడ్డంగా కోసి, పొర తర్వాత పొర దాటి గర్భాశయం చేరతారు. మామూలు కాన్పులో పోయే రక్తం సాధారణంగా అర లీటరు లోపు. సిజేరియన్లో లీటరు దాకా పోవచ్చు. ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా, అదే సర్వే ప్రకారం 53.7 శాతం మందిలో, అప్పటికే రక్తం తక్కువ. ఆపరేషన్ తర్వాత కళ్లు తిరగడం, లేచి నిలబడలేకపోవడం గారాబం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

తల్లులు ఎక్కువగా చెప్పుకునేది కోత గురించి కాదు, మొదటిసారి లేవడం గురించి. మత్తు దిగాక, మూత్రం గొట్టం తీశాక, 24 గంటల్లోపు నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి, పేగులు కదలడానికి ఇది తప్పదు. వెల్లకిలా పడుకుని ఒక్కసారిగా లేవబోతే పొట్ట చీలిపోతున్నట్టు ఉంటుంది. అనుభవమున్న నర్సమ్మ చెప్పే పద్ధతి వేరు: ముందు పక్కకు తిరుగు, మోకాళ్లు ముడువు, కాళ్లు మంచం దించు, మోచేత్తో ఊతం తీసుకుని లే. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, నవ్వొచ్చినా దిండు ఒకటి కుట్టు మీద అదిమి పట్టుకో. ఈ నాలుగు ముక్కలు ఆపరేషన్‌కు ముందే చెబితే మొదటి రోజు సగం భయం పోతుంది.

పాల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. అదే సర్వే ప్రకారం దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగుతున్న బిడ్డలు వందకు 42 మంది కూడా లేరు (41.8). ఆపరేషన్ అయిన తల్లికి ఇది ఇంకా కష్టం. ఆమె థియేటర్లో, బిడ్డ బయట అమ్మమ్మ చేతుల్లో. అయినా తల్లి తెలివితోనే ఉంటుంది కాబట్టి, ఇద్దరూ బాగుంటే బిడ్డను రొమ్ముకు పట్టించడానికి ఆపరేషన్ అడ్డం కాదు. కుట్టు మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద పెట్టుకుని, లేదా పక్కకు తిరిగి పడుకుని పాలివ్వొచ్చు.

పప్పు లెక్క, బిందె లెక్క

ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ అయితే 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద 7 రోజుల దాకా ఉచిత భోజనం, మందులు, అవసరమైతే రక్తం, ఇంటికి తిరిగొచ్చే బండి హక్కుగా అందాలి. ఆ తర్వాత పెత్తనం ఇంట్లో పెద్దవాళ్లది.

వాళ్ల ప్రేమలో లోటుండదు, పథ్యంలోనే చిక్కు. పప్పు తింటే కుట్టు చీము పడుతుందనీ, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట ఊరుతుందనీ చెప్పి వెల్లుల్లి కారం, అన్నంతో రోజులు నెట్టిస్తారు. చీముకు కారణం సూక్ష్మక్రిములు, పప్పు కాదు. తెగిన కండ అతుక్కోవాలంటే మాంసకృత్తులే కావాలి. పేదింట్లో అవి దొరికేది పప్పులో, గుడ్డులో, శనక్కాయల్లో. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం పట్టుకుంటుంది. ముక్కితే కుట్టు నొప్పి. ఎండాకాలంలో అనంతపురం రేకుల ఇంట్లో గుక్కెడు నీళ్లతో గడిపే బాలింతకు ఒళ్లు తేరుకోవడమే కష్టమవుతుంది. రక్తం పెరిగే ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున కాన్పు తర్వాత 180 రోజులు మింగాలి. చాలా ఇళ్లలో ఆ పొట్లం నెలకే అటక ఎక్కుతుంది.

వెన్నుకు సూది వేసినందుకే జీవితాంతం నడుం నొప్పి అన్న మాట కూడా ఇంటింటా వినిపిస్తుంది. దీర్ఘకాలపు నడుం నొప్పికీ ఆ సూదికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి మాత్రం సూది వల్ల కొద్దిమందికి వస్తుంది. దానికి వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పాలి.

అన్నిటికన్నా బరువైనది నీళ్ల లెక్క. ఆరు వారాల దాకా బిడ్డ కన్నా బరువైంది ఎత్తొద్దంటారు వైద్యులు. బిడ్డ 3 కిలోలు. పదిహేను లీటర్ల బిందె నిండితే 15 కిలోలు, అంటే ఐదుగురు బిడ్డలు. ఫిల్టర్ నీళ్ల క్యాను 20 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన నేలలో నీళ్లు మోయడం దాదాపు ఆడవాళ్ల పని. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి తొక్కే నేతపనీ, వంగి శనక్కాయ చేలో కలుపు తీయడమూ పొట్ట కండరాల మీద పడేవే. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 2017 సవరణ తర్వాత చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. కూలికి వెళ్లే తల్లికి ఆ సెలవు లేదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలు ఆరు వారాల కూలిని భర్తీ చేయలేవు. ఆ ఆరు వారాలు బిందె ఎవరు ఎత్తుతారన్నది భర్త, అత్తామామలు కాన్పుకు ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఆశా కార్యకర్త ఐదు రాకలు

ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కింద ఆశా కార్యకర్త సిజేరియన్ అయిన ఇంటికి 7, 14, 21, 28, 42 రోజుల్లో ఐదుసార్లు రావాలి. పథకం పేరులోనే ఉన్నట్టు ఆమె ముఖ్యంగా వచ్చేది బిడ్డ కోసం: బరువు, ఒంటి వేడి, పాలు తాగే తీరు చూడటానికి. తల్లిని తిండి, జ్వరం, రక్తస్రావం గురించి అడుగుతుంది. కుట్టు సంగతి ఆమె అడిగినా అడగకపోయినా బాలింతే చూపించాలి. ఇవి కనిపిస్తే మాత్రం ఆమె వచ్చే రోజు దాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి లేదా వెంటనే ఆసుపత్రికి పోవాలి:

- కుట్టు ఎర్రగా వాచడం, చీము, వాసన, కుట్టు విచ్చుకోవడం
- చలితో జ్వరం, వాసన వచ్చే మైల
- గంటలోపే గుడ్డ తడిసేంత రక్తం
- ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం
- తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్
- రోజుల తరబడి ఆగని ఏడుపు, బిడ్డను చూడబుద్ధి కాకపోవడం, చావు ఆలోచనలు

చివరిది కూడా జబ్బే. ‘దిష్టి తగిలింది’ అని తోసేస్తే తగ్గదు.

రెండో కాన్పు, పుట్టింట్లో ఉన్న కాగితం

మొదటిది సిజేరియన్ అయినా, తగిన తల్లులు నొప్పులకు ప్రయత్నిస్తే వందకు 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. అది తక్కువే అయినా చిన్నది కాదు. అందుకే అలాంటి ప్రయత్నం వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే జరగాలి. కాన్పుకూ కాన్పుకూ కనీసం 18 నెలల ఎడం ఉండాలి. మళ్లీ మళ్లీ కోయడం వల్లా ముప్పుంది. మాయ కిందికి దిగి ఉన్న తల్లుల్లో అది గర్భాశయ గోడలోకి పాతుకుపోయే అవకాశం మొదటి సిజేరియన్లో వందకు 3, రెండోదానిలో 11, మూడోదానిలో 40. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామంది రెండో బిడ్డతో ఆపేస్తారు కాబట్టి మూడో మెట్టు దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ఆడబిడ్డలు పుట్టారని మగబిడ్డ కోసం మూడోసారి, నాలుగోసారి పోయే ఇళ్లు ఈ అంకెలు తెలుసుకోవాలి.

రెండోసారి ఏం చేయాలో తేల్చేది ఒక కాగితం. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భాశయం మీద కోత అడ్డమా నిలువా, ఎంత రక్తం పోయింది, జ్వరం వచ్చిందా అన్నవన్నీ డిశ్చార్జి కాగితంలో ఉంటాయి. బయట చర్మం మీది గీతను చూసి లోపలి కోత ఎటుందో చెప్పలేం. కాగితం లేకపోతే డాక్టరు ముప్పు తీసుకోరు, మళ్లీ కోతే. మన ఆచారంలో తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, కాగితం అక్కడే పెట్టెలో ఉండిపోతుంది. అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో ఒడిబియ్యంతో బళ్లారికో గుంతకల్లుకో అత్తారింటికి వెళ్లిపోతుంది. సారెతో పాటు ఆ కాగితాన్నీ కట్టివ్వండి. దాన్ని ఫోన్‌లో ఒక ఫొటో తీసి అల్లుడికీ పంపండి.