సిగ్గుపడినా ప్రశ్న ఆగలేదు

లజ్జ విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మాట మన ఇళ్లలో చిన్ననాటి నుంచీ వింటూనే ఉన్నాం. అయితే ఆ లజ్జకు హద్దు ఎక్కడుందో కూడా ఆ బోధనల్లోనే ఉంది. దాన్ని మాత్రం మనం అంతగా చెప్పుకోవడం లేదు.

హజ్రత్ అలీ (రజి)కి మజీ ఎక్కువగా స్రవించే ఇబ్బంది ఉండేది. కోరిక కలిగినప్పుడు పల్చగా, జిగటగా వచ్చే తడి అది. అలా అయిన ప్రతిసారీ గుస్ల్ చేయాలనుకుని ఆయన పదే పదే స్నానం చేసేవారు. చివరికి వీపు చర్మం పగిలిందని ఒక ఉల్లేఖనంలో ఉంది. అడుగుదామంటే తన భార్య హజ్రత్ ఫాతిమా (రజి) స్వయానా దైవప్రవక్త (స) కుమార్తె. మామగారి ముందు ఈ సంగతి ఎత్తడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. అలాగని ఊరుకోలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి)తో అడిగించారు. కడుక్కుని వుజూ చేసుకుంటే చాలు అన్న సమాధానం వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆయన బాధ తీరింది.

ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును విద్యా ప్రకరణంలో చేర్చారు. సిగ్గుపడినవాడు మరొకరిచేత అడిగించడం అనే అర్థం వచ్చే శీర్షిక కూడా పెట్టారు. అంటే సిగ్గు తప్పు కాదు. సిగ్గు పేరుతో ప్రశ్నను కడుపులో దాచుకోవడమే తప్పు.

మదరసాలో ఫిఖ్‌హ్ చదువు మొదలయ్యేదే శుద్ధి ప్రకరణంతో. మనీ అంటే ఏమిటి, మజీ ఏమిటి, మూత్రం తర్వాత చిక్కగా వచ్చే వదీ ఏమిటి, దేనికి గుస్ల్, దేనికి వుజూ అని ఉస్తాద్ చెబుతుంటే విద్యార్థులు రాసుకుంటారు. ఎవరూ నవ్వరు. తరగతి గది గడప దాటితే అవే సంగతులు ఎవరి నోటా రావు. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మాకు ఇది ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఇషా నమాజ్ తర్వాత అందరూ వెళ్లిపోయాక ఒక యువకుడు చెప్పుల దగ్గర తచ్చాడుతూ "జనాబ్, మా దోస్తు ఒకడు అడగమన్నాడు" అంటాడు. ఆ దోస్తు ఎవరని మేము అడగం.

ఆ దోస్తు ప్రశ్న తరచుగా ఒకటే: జిర్‌యాన్. నిద్రలో వీర్యం పోతోంది, మూత్రం తెల్లగా వస్తోంది, ఒళ్లు నీరసం, చదువు ఎక్కడం లేదు, పెళ్లికి పనికిరానేమో అన్న దిగులు. ఒక్క చుక్క వీర్యానికి ఎన్నో చుక్కల నెత్తురు ఖర్చవుతుందని ఎవరో చెప్పి ఉంటారు. అది అబద్ధం. వీర్యం శరీరంలో నిరంతరం తయారవుతూనే ఉంటుంది. నిద్రలో స్ఖలనం కావడం రోగం కాదు, పాపమూ కాదు. గుస్ల్ చేస్తే సరిపోతుంది, ఉపవాసం కూడా భంగం కాదు. మూత్రం తెల్లగా కనిపించడానికి చాలాసార్లు అందులోని ఫాస్ఫేట్ లవణాలే కారణం. కొన్నిసార్లు ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు. మామూలు మూత్ర పరీక్ష ఆ సంగతి తేల్చేస్తుంది. ఈ భయాన్నే ఒక మానసిక బాధగా గుర్తించి, 1960లో డాక్టర్ ఎన్.ఎన్.విగ్ అనే భారతీయ మనోవైద్యుడు దానికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. నీరసం కల్పన కాదు, నిజమే. దాని వేరు చాలామందిలో దిగులులో, నిద్రలేమిలో ఉంటుంది. అయితే మూత్రంలో మంట, చీము, పుండు ఉంటే సంగతి వేరు. అప్పుడు పరీక్షలు తప్పనిసరి, పెళ్లయినవారైతే భార్యకు కూడా చికిత్స అవసరం కావచ్చు.

మనం చెప్పని చోట గోడలు చెబుతున్నాయి. బస్టాండు పక్క గోడ మీద తెలుగులో 'రహస్య వ్యాధులు', ఉర్దూలో 'మర్దానా కమ్‌జోరీ', కింద లాడ్జి గది నంబరు. లైంగిక శక్తిని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. చట్టం పుస్తకంలో ఉంది, ప్రకటన గోడ మీద ఉంది. మూలికలని చెప్పి అమ్మే కొన్ని గుళికల్లో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందు కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనేకసార్లు బయటపెట్టింది. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి అది తెలియక మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట అంటున్నామని హకీంలందరినీ ఒకే గాటన కట్టడం లేదు. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట యునానీ వైద్య కళాశాల ఉంది. అక్కడ చదివి, రిజిస్టరైన వైద్యుడికీ లాడ్జి గది వైద్యుడికీ పోలికే లేదు.

నలభై దాటినవారిలో అంగస్తంభన తగ్గడాన్ని మగతనం లోపంగా చూసి ముడుచుకుపోవడం మరో పొరపాటు. ఆ అవయవానికి వెళ్లే రక్తనాళాలు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లే. గుండె నాళాలు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. షుగర్, బీపీ, పొగాకు వల్ల నాళాలు పూడుకుపోతుంటే సన్నని దానిలోనే ముందుగా తెలుస్తుంది. గుండెజబ్బు రాబోతోందని శరీరం ముందే చెబుతున్న మాట అది కావచ్చు. అందుకే డాక్టరు మొదట షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు రాస్తారు. ఇదేమిటి, నేను అడిగింది ఒకటి, ఈయన రాసింది ఒకటి అనుకోకూడదు.

ఇక పెద్దవారి సంగతి. ఏళ్ల తరబడి మొదటి వరుసలో నిలబడిన బుజుర్గులు కొందరు మెల్లగా మసీదుకు రావడం మానేస్తారు. కాళ్ల నొప్పులని చెబుతారు. అసలు కారణం మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతుండడం, బట్టలు నాపాక్ అవుతాయన్న బెంగ. వయసుతో ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్ర మార్గాన్ని నొక్కడం సర్వసాధారణం. చాలామందికి మాత్రలతోనే నయమవుతుంది, కొందరికి ఆపరేషన్ అవసరపడుతుంది. మూత్రంలో నెత్తురు కనిపించినా, మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యం సాగుతున్నంత కాలం నమాజ్ ఎలా అన్న ప్రశ్నకు ఫిఖ్‌హ్‌లో సిద్ధంగా సమాధానం ఉంది. ఒక నమాజ్ వేళ మొత్తంలో వుజూ చేసుకుని ఫర్జ్ పూర్తి చేసేంత విరామం కూడా దొరకని వ్యక్తి హనఫీ మజ్‌హబ్ ప్రకారం మాజూర్. అతడు ప్రతి వేళకు ఒక వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేవరకు చుక్కలు పడినా ఆ కారణంగా వుజూ పోదు. మూత్రానంతరం కొద్దిసేపే చుక్కలు పడేవారు మాజూర్ కారు. ఆ తడి ఆగేదాకా వేచి ఉండి వుజూ చేసుకోవాలి. ఇమామ్ సాహెబులు జుమా ప్రసంగంలో ఏడాదికి ఒకసారైనా ఈ మస్‌అలా చెబితే ఎందరో బుజుర్గులు తిరిగి సఫ్‌లో నిలబడతారు.

సంతానం లేని ఇళ్లలో జరిగేది అన్యాయమే అనాలి. కోడలిని ఊరూరా డాక్టర్ల దగ్గరికి, దర్గాలకు తిప్పుతారు. అబ్బాయికి ఒక్క వీర్య పరీక్ష చేయించరు. కొందరైతే రెండో నికాహ్ మాట కూడా ఎత్తుతారు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో పురుషుని వైపు కూడా లోపం ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి ఇచ్చే ఆ పరీక్షకు ఖర్చు తక్కువే. నమూనా ఎలా ఇవ్వాలన్న ధార్మిక సందేహం ఉంటే భార్య సహాయంతో సేకరించుకోవచ్చని పండితులు దారి చూపారు.

గజ్జల్లో దురదకు మందుల దుకాణంలో అడిగి కొనే స్టెరాయిడ్ కలిసిన క్రీములు తామరను తగ్గించవు, మొండిగా మారుస్తాయి. వృషణంలో గట్టి గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని వదలకూడదు. ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. అది మెలిపడి ఉంటే ఆరు గంటల లోపు విప్పకపోతే దక్కడం కష్టం. అర్ధరాత్రి అయినా తండ్రిని లేపి చెప్పాలి.

డాక్టరు ముందు సతర్ ఎలా విప్పాలన్న సంకోచం కొందరిది. అవసరమైనంత మేరకు, అవసరమైనంతసేపు చూపడానికి అనుమతి ఉందని ఫుఖహా ఏనాడో చెప్పారు. మూత్ర సమస్యలకు యూరాలజీ, చర్మానికి, సుఖవ్యాధులకు చర్మవ్యాధుల విభాగం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేచోట వ్యాధి పేరు పైకి చెప్పనక్కర్లేదు, విభాగం పేరు చెబితే చాలు. లోపలికి వెళ్లాక కూడా నోరు పెగలకపోతే ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టవచ్చు. వయసు, బాధ ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, షుగర్ ఉందా, ఏయే మందులు వాడుతున్నారు. గోడ మీద ప్రకటన చూసి కొన్న గుళికలుంటే ఆ సీసాను కూడా వెంట తీసుకెళ్లాలి.