డెవలప్‌మెంట్ బోర్డు పిన్నుల్లో విద్యుత్ పరిమితులు, పుల్-అప్ నిరోధకాలు: కృష్ణా డెల్టా నీటి పరిభాషలో వివరణ

1. ప్రవేశిక

ప్రకాశం బ్యారేజీ వద్ద మళ్లిన కృష్ణా జలాలు కాలువలు, బోదెలు, తూముల మీదుగా చల్లపల్లి, అవనిగడ్డ, మచిలీపట్నం ప్రాంతాలకు చేరతాయి. ఈ దిగువ డెల్టాలో వరితోపాటు చేపల, రొయ్యల సాగు విస్తరించింది. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠానికి పడిపోతుంది. ఆ వేళ ఏరియేటరు తిరగకపోతే సాగు మొత్తం నష్టపోవచ్చు. నీటి ఉష్ణోగ్రతను, మట్టాన్ని గమనిస్తూ ఏరియేటరును నడిపే పరికరాన్ని చిన్న డెవలప్‌మెంట్ బోర్డుతో రూపొందించవచ్చు. బోర్డు పిన్నుకు ఏది తగిలించవచ్చో, ఏది తగిలించకూడదో డెల్టా రైతు నిత్యం వాడే పదాలతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. రెండు పరిమితులు

పిన్ను సంకేతాన్ని చేరవేయడానికే గాని యంత్రాన్ని నడపడానికి కాదు. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్పుకు ఒక్కో పిన్నులో 40 మిల్లీ ఆంపియర్లు, చిప్పు మొత్తానికి 200 మిల్లీ ఆంపియర్లు హద్దుగా తయారీదారు పేర్కొన్నాడు. ఇవి దాటితే చిప్పు చెడిపోయే అంకెలే తప్ప వాడుకోదగిన అంకెలు కావు. ఆచరణలో ఒక పిన్నుకు 20 మిల్లీ ఆంపియర్లకు మించకుండా చూసుకోవాలి. కాలువ గట్టు తెగే మట్టం, కాలువను రోజూ పారించే మట్టం ఒకటి కానట్లే ఇవీ వేర్వేరు. రెండింటినీ ‘గరిష్ఠ పరిమితి’ అన్న ఒకే మాటతో అనువదిస్తే పాఠకుడు పొరబడతాడు. కాబట్టి మొదటిదాన్ని ‘నాశక పరిమితి’ అనీ, రెండవదాన్ని ‘వినియోగ పరిమితి’ అనీ వ్యవహరించడం ఉచితం.

5 వోల్టుల చిన్న రిలే చుట్టకు సుమారు 70 మిల్లీ ఆంపియర్లు అవసరం. దాన్ని నేరుగా పిన్నుకు కలపకూడదు. పిన్ను ట్రాన్సిస్టరును, ట్రాన్సిస్టరు రిలేను, రిలే ఏరియేటరు స్టార్టరును నడపాలి. తూము తలుపును ఎత్తే చేయి నీటిని మోయదు. రిలే ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజి ట్రాన్సిస్టరును దెబ్బతీయకుండా చుట్టకు అడ్డంగా డయోడును అమర్చాలి.

3. పుల్-అప్ నిరోధకం

డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సారుకుగాని, ఐటూసీ పద్ధతిలో పనిచేసే మాడ్యూళ్లకుగాని సంకేత తీగను సున్నా వోల్టుల వైపు దించే శక్తే ఉంటుంది. తిరిగి పైకి ఎత్తే పని పుల్-అప్ నిరోధకానిది. ఎగువ తూము నుంచి సన్నగా నీరందే మడిని ఊహించవచ్చు. దిగువ గండి తీస్తే మడి ఖాళీ అవుతుంది, మూస్తే నిండుతుంది. తూము పుల్-అప్ నిరోధకం, గండి సెన్సారులోని ట్రాన్సిస్టరు, మడి వైశాల్యం తీగల కెపాసిటెన్సు. నిరోధం పెరగడమంటే తూము ఇరుకు కావడం. తూము మరీ ఇరుకైతే మడి ఆలస్యంగా నిండి సంకేతం చెడుతుంది. మరీ వెడల్పైతే గండి తీసినా మడి ఖాళీ కాదు. తూమే లేకపోతే మట్టం నిలకడ లేక పిన్ను తప్పుడు విలువలిస్తుంది. డీఎస్18బీ20కి సాధారణంగా 4.7 కిలో ఓమ్‌లు వాడతారు. 3.3 వోల్టుల వద్ద దానిలో ప్రవహించేది సుమారు 0.7 మిల్లీ ఆంపియర్లే. ఊనో చిప్పులోని అంతర్గత పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు కాబట్టి చెరువు గట్టు మీదుగా సాగే పొడవాటి తీగకు అది చాలదు.

4. మూడవ మాడ్యూలు సమస్య

రాస్‌బెర్రీ పై ఐటూసీ పిన్నులకు బోర్డు మీదే 1.8 కిలో ఓమ్‌ల పుల్-అప్‌లున్నాయి. మాడ్యూళ్లు చాలావరకు తమ పుల్-అప్‌లను వెంట తెస్తాయి. ఇవన్నీ సమాంతరంగా చేరతాయి, అంటే ఒకే మడికి పలు తూములు పెట్టినట్లు. ఐటూసీ ప్రమాణం ప్రకారం సాధారణ వేగంలో పరికరం 0.4 వోల్టుల వద్ద 3 మిల్లీ ఆంపియర్లను మాత్రమే దించగలిగితే చాలు. అంటే 3.3 వోల్టులకు కనీస నిరోధం సుమారు 967 ఓమ్‌లు. ఒక్కొక్కటి 4.7 కిలో ఓమ్‌లున్న మాడ్యూళ్లు రెండు కలిపితే మొత్తం నిరోధం 1,019 ఓమ్‌లు, హద్దులోనే ఉంటుంది. మూడవది చేరితే 838 ఓమ్‌లకు పడిపోయి హద్దు దాటుతుంది. అప్పుడు అదనపు మాడ్యూలులోని పుల్-అప్‌ను తొలగించాలి. పై పిన్నులు 3.3 వోల్టులవి కాబట్టి పుల్-అప్‌ను 5 వోల్టులకు కలపడమూ ప్రమాదకరమే.

5. ముగింపు

పరికరం చేసేవారు తగిలించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ పిన్ను ఎంత ప్రవాహాన్ని మోస్తుంది? తీగ విరామస్థితిలో దాన్ని పైమట్టంలో నిలిపేదేది? ఆ నిలిపేవి ఎన్ని? తెలుగు మాధ్యమంలో చదువుకున్న విద్యార్థికి వీటి సమాధానాలు తూము, గండి, మడి అన్న మాటల్లో ఇప్పటికే ఉన్నాయి. పారిభాషిక పదాన్ని యథాతథంగా ఉంచి, దాని పనిని ఈ మాటలతో విప్పిచెప్పడమే తెలుగులో సాంకేతిక బోధనకు అనువైన మార్గం.